నీడ ఎక్కడో మజిలీ అక్కడే

వేసవి సెలవులకు కారవాన్ అద్దెకు తీసుకుని నాలుగు రోజుల్లో నాలుగు హిల్ స్టేషన్లు చుట్టేసేవాళ్లు ఎక్కువ. అదే బండితో హోసూరు, కృష్ణగిరి మధ్య ఉన్న 50 కిలోమీటర్లకే వారం రోజులు ఇస్తే? మామిడి తోటలు, కొండకోటలు, వారపు సంతలు, మన మాటే మాట్లాడే మనుషులు... హైవే మీద పోయేవాళ్లకు కనిపించని జిల్లా ఒకటి బయటపడుతుంది.

హైదరాబాద్‌లో బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కర్నూలు, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు చేరతాం. ఇంకా దక్షిణానికి, సేలం వైపో మదురై వైపో పోయేవాళ్లు అత్తిబెలె దాటగానే తమిళనాడులో అడుగుపెడతారు. జూజువాడి, హోసూరు, శూలగిరి, కృష్ణగిరి అని పచ్చ బోర్డుల మీద పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. టోల్‌గేటు దగ్గర బారు లేకపోతే హోసూరు నుంచి కృష్ణగిరికి గంట. కాసిన్ని ఫ్యాక్టరీలు, కాసిన్ని రాతిగుట్టలు, మధ్యలో ఒక కాఫీ. అంతటితో జిల్లా అయిపోతుంది.

ఆ గంటలో కంటపడనివి చాలా ఉన్నాయి. దక్షిణ పినాకిని మీద రెండు ఆనకట్టలు, పాత కోటలు, కనుచూపు మేర మామిడి, నాలుగు వేల ఏళ్ల కిందటి ఇనుము దొరికిన ఊరు, ఏనుగులు తిరిగే అడవి. వీటన్నిటితో పాటు తెలుగు మాట్లాడే జనం. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె.గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే తమిళనాడు సభ్యుడికి తెలుగేమిటని దేశంలో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఈ ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. చిత్తూరు, కోలారులతో కలిపి మొరసునాడుగా పిలిచే నేల ఇది. రాష్ట్రాల సరిహద్దులు గీసిన తర్వాత బోర్డుల మీద అక్షరాలు మారాయి గానీ సంతలోనూ చేనిగట్టు మీదా మాట మారలేదు.

ఈ దారిని కారవాన్‌లో నింపాదిగా చుట్టడానికి వేసవే తగిన కాలం అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఎండల్లో రేకుల బండిలో కాపురమా అని అడుగుతారు. నిజానికి నిదానం నేర్పేది ఎండే. ఎప్పుడు కదలాలో పొద్దును అడగాలి, ఎక్కడ ఆగాలో నీడను అడగాలి, ఎన్నాళ్లు ఉండాలో నీళ్లను అడగాలి. ఈ మూడిటి మాట విన్నవాళ్లు తొందరపడదామన్నా పడలేరు.

ఇల్లు వెంట ఉన్నా పరుగేనా?

కారవాన్ అనగానే మనకు సినిమా షూటింగులో హీరోగారి బండి గుర్తొస్తుంది. ఇప్పుడు బెంగళూరులో మామూలు కుటుంబాలకూ అవి అద్దెకు దొరుకుతున్నాయి. నలుగురు పడుకునే పడకలు, బుల్లి వంటగది, ఫ్రిజ్, టాయ్‌లెట్, నీళ్ల ట్యాంకు. హోటల్ గది వెతుక్కోనక్కర్లేదు, పెట్టె సర్దనక్కర్లేదు. అంత వెసులుబాటు చేతికొచ్చాక మనం చేసే పని ఏమిటంటే ఊటీ, కొడైకెనాల్, మున్నార్ అన్నీ ఒకే ట్రిప్పులో కుక్కడం. ఇల్లు వెంట తెచ్చుకుని కూడా గది ఖాళీ చేయాల్సినవాళ్లలా పరిగెత్తడం.

అమెరికాలో ఆర్వీలు అనే ఇంటి బండ్లు నడిపేవాళ్ల మధ్య మూడు మూళ్ల నియమం ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. రోజుకు 300 మైళ్లు మించొద్దు, మధ్యాహ్నం 3 గంటలకల్లా బస చేరాలి, చేరిన చోట 3 రాత్రులు ఉండాలి. వేసవిలో పిల్లల దగ్గరికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లి, ఆర్వీలో గ్రాండ్ కాన్యన్ చూసొచ్చిన తల్లిదండ్రులకు ఇది కొత్త కాదు. మన ఎండకూ మన రోడ్లకూ ఆ లెక్కను కుదించుకోవాలి. రోజుకు 50 కిలోమీటర్లు, పొద్దున 9 లోపు బస, చేరిన చోట కనీసం 2 రాత్రులు. హోసూరు, కృష్ణగిరి మధ్య దూరం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

బండిలో ఇల్లు పెట్టుకుని తిరగడం మనకు పడమటి దేశాలు నేర్పిన విద్య కూడా కాదు. కాశీ రామేశ్వరాల యాత్ర బస్సులు చూడండి. డిక్కీలో బియ్యం మూటలు, గ్యాస్ పొయ్యి, పెద్ద గుండిగలు, వెంట ఒక వంటమనిషి. చెరువు కనిపిస్తే స్నానాలు, చెట్టు కనిపిస్తే వంటలు. లారీ డ్రైవరన్నలైతే ఏడాదంతా అదే బతుకు. విలాసం కోసం కట్టిన తొలి కారవాన్‌గా చరిత్రకారులు చెప్పే ‘వాండరర్’ 1885లో ఇంగ్లండ్‌లో తయారైంది. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు, రచయిత దానికి రెండు గుర్రాలు కట్టి ఆ వేసవిలోనే స్కాట్లండ్ దాకా వెళ్లాడు. అంతకు 55 ఏళ్ల ముందే మనవాడొకడు నడి వేసవిలో ఇల్లు కదిలించుకుని బయల్దేరాడు.

1830 మే 18న బయల్దేరినవాడు

ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసు విడిచి తిరుపతి, కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా వైపు నుంచి తూర్పు తీరం పట్టుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పల్లకీ బోయీలు, బంట్లు, గుడారాలు, సామాను మోసే పశువులు, కుటుంబం అంతా కలిసి వంద మందికి పైనే. దారిలో ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో దినుసులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి తోపు ఉంది అని వరసగా రాసుకున్నాడు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. ఈనాటి కారవాన్ ప్రయాణికుడికి కావాల్సిన విషయాలు కూడా అచ్చంగా అవే. నీళ్లు, దినుసులు, తోపు.

హోసూరు, కృష్ణగిరి దారుల్లోనూ అలాంటి సంచారం చేసినవాడు ఒకడున్నాడు. మూడో మైసూరు యుద్ధం ముగిశాక 1792లో కృష్ణగిరి చుట్టుపక్కల ఉన్న బారామహల్‌ను టిప్పు సుల్తాన్ ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. పాలన చూడటానికి వచ్చిన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకుడు థామస్ మన్రో. 1799 దాకా ఇక్కడే ఉండి ఊరూరా తిరిగి, పొలాలు కొలిపించి, రైతులతో నేరుగా మాట్లాడే పద్ధతికి అలవాటుపడ్డాడు. రైత్వారీ శిస్తు విధానానికి పునాది పడింది ఈ నేల మీదే. తర్వాత దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమలో ఏళ్ల తరబడి గుడారాల్లోనే మకాం పెట్టి కచేరీ నడిపాడు. అక్కడి జనం ఆయన్ని మండ్రోలయ్య అని తలుచుకున్నారంటే కారణం ఆ మకాములే. ఊళ్లో రెండు రాత్రులు ఉన్నవాడికి తెలిసే సంగతులు గుర్రం మీద దాటిపోయినవాడికి తెలియవు.

రెండంతస్తుల జిల్లా

ఈ దారికి ఒక తమాషా ఉంది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే కృష్ణగిరి 500 మీటర్ల దగ్గర ఉంటుంది. శూలగిరి దాటాక దారి దిగుతూ పోతుంది. వంద మీటర్లు దిగితే గాలి సుమారు 0.65 డిగ్రీలు వేడెక్కుతుందన్నది స్థూలమైన లెక్క. నాలుగు వందల మీటర్లకు రెండున్నర డిగ్రీలు. పగలు ఆ తేడా పెద్దగా తెలియదు గానీ రాత్రి బాగా తెలుస్తుంది. మే నెలలో కూడా హోసూరు, తళి వైపు తెల్లవారుజామున దుప్పటి అడుగుతుంది. కృష్ణగిరిలో రాత్రి పది దాటినా రాతిగుట్టలు మింగిన వేడిని కక్కుతూనే ఉంటాయి.

కారవాన్‌వాళ్లకు ఇది చాలా అక్కరకొచ్చే సంగతి. రాత్రి మకాములు వీలైనంత పైఅంతస్తులో పెట్టుకోవాలి. కింద చూడాల్సినవాటికి తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరి దిగాలి. కింద ఉండక తప్పని రాత్రి నీటి పక్కన ఆగాలి.

రేకు బండి ఎండలో ఎలా ఉంటుందో ఒక్క మధ్యాహ్నం గడిపితే చాలు. పదకొండు గంటలకల్లా పైకప్పు చెయ్యి పెట్టనివ్వదు. లోపల ప్లైవుడ్ వాసన వేడెక్కి ముక్కుకు తగులుతుంది. ఏసీ ఉంది కదా అంటారు. టన్ను ఏసీకి గంటకు దగ్గర దగ్గర యూనిట్ కరెంటు కావాలి. బండిలో ఉండే బ్యాటరీలు దాన్ని మధ్యాహ్నం గడిచేదాకా నడిపితే గొప్ప. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలక ఉంటే రోజుకు ఒకటిన్నర, రెండు యూనిట్లు వస్తాయి. ఫ్యాన్లకు, లైట్లకు, చిన్న ఫ్రిజ్‌కు చాలుతుంది. ఏసీకి చాలదు. జనరేటరో ఇంజనో నడుపుతూ తలుపులు బిగించుకుని పడుకుంటే ప్రాణానికే ముప్పు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తర్వాత తేలింది. రంగూ వాసనా లేని విషం అది.

అందుకే చెట్టు. మంచి చెట్టు కింద బండి పెట్టి, కిటికీలు తీసి, ఫ్యాన్ వేసుకుంటే ఏసీ అవసరం సగానికి పడిపోతుంది. అయితే ఏ చెట్టు కింద పడితే ఆ చెట్టు కింద ఆగకూడదని రాయకోట దారిలో ఒక తోటాయన చెప్పేదాకా మాకు తెలియదు. మామిడి కింద బండి పెట్టబోతుంటే గట్టు మీద నుంచే కేకేశాడు. “ఆడ వద్దప్పా! గాలొస్తే కాయ రాలుతుంది, అద్దం పగులుతుంది. జీడి పడితే రంగు పోతుంది. ఆ చింతమాను కిందికి పోండి.” చింతచెట్టు నీడ పలచనే గానీ గాలి ఆడుతుంది. అటు పోయి పెట్టాం. మోటరు వేసి ట్యాంకు నింపించాడు. డబ్బివ్వబోతే, “నీళ్లకు దుడ్లేందప్పా? పోయేటప్పుడు నాలుగు కాయలు కొనుక్కోండి” అన్నాడు. కృష్ణగిరి జిల్లాలో కారవాన్ పార్కింగ్ రుసుము ప్రస్తుతానికి ఇదే.

కాయను బట్టి క్యాలెండరు

జిల్లాలో వేసవిని మామిడి కాయతో కొలుస్తారు. డిసెంబరు, జనవరిలో పూత. ఏప్రిల్ చివరికి సింధూర మార్కెట్లోకి వస్తుంది. మేలో బాదామి, బంగినపల్లి. జూన్‌లో తోతాపురి లారీలకెక్కుతుంది. చివరన నీలం జులైలోకి కూడా సాగుతుంది. మధ్యలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుముతూ వచ్చే మామిడి జల్లులు. నాలుగు చినుకులు పడితే కాయకు మంచిది, గాలిదుమారం తోడైతే రైతు కొంప కొల్లేరు.

తోతాపురి కథ చిత్తూరు రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. చిత్తూరు, కృష్ణగిరి కలిపి మామిడి గుజ్జుకు దేశంలోనే పేరున్న ప్రాంతం. ఎగుమతయ్యే మామిడి గుజ్జులో ఈ రకానిది పెద్ద వాటా. జూన్‌లో కృష్ణగిరి చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయ లారీలు బారులు తీరతాయి. లోడు దిగేదాకా డ్రైవర్లు లారీ కిందే చాప పరుస్తారు, అక్కడే వండుకుంటారు. తీపి, పులుపు కలిసిన వాసన కిలోమీటరు ముందే తగులుతుంది. ధర పలికిన ఏడాది ఊరంతా కళ, పలకని ఏడాది కాయ కోత కూలి కూడా రాదు. ఏటా వేసవిలో కృష్ణగిరిలో జరిగే అఖిల భారత మామిడి ప్రదర్శనలో వందల రకాల కాయలు ఒకచోట చూడొచ్చు. ప్రదర్శనలో పేరు తెలుసుకుని, సంతలో రుచి చూసి, తోటలో చెట్టును చూడాలంటే కనీసం మూడు నాలుగు రోజులు కావాలి.

నది వెంట మజిలీలు

ఎటు పోవాలో తేల్చుకోలేనివాళ్లు దక్షిణ పినాకిని వెంట పోతే చాలు. నంది కొండల దగ్గర పుట్టి, బెంగళూరు శివార్లు దాటి, బాగలూరు వైపు నుంచి జిల్లాలోకి వస్తుంది. హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట. చూడటానికి బాగుంటుంది గానీ దిగొద్దు. బెంగళూరు మురుగు మోసుకొచ్చే నీళ్లు ఇక్కడ తెల్లటి నురగ కక్కుతాయి. నగరం వదిలించుకున్నది ఎక్కడికి పోతుందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

హోసూరులో రెండు రాత్రులు పెట్టుకోవచ్చు. కొండ మీద చంద్రచూడేశ్వరుడి గుడి ఎక్కితే ఊరు ఎంతగా పెరిగిందో తెలుస్తుంది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ పుట్టింది ఇక్కడే. అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ మొదలైందీ ఆ కాలంలోనే. మన పల్లెల్లో పాల క్యాన్లు మోసిన మోపెడ్‌కూ, హైవే మీద మనల్ని దాటిపోయే లారీకీ పుట్టిల్లు ఒకటే. అంతకు ముందు ఈ ఊరి పేరు గుర్రాలతో ముడిపడి ఉండేది. 1824లో పక్కనున్న మత్తిగిరిలో కంపెనీ సైన్యానికి గుర్రాలను సిద్ధం చేయడానికి పెట్టిన క్షేత్రమే నేటి పశుక్షేత్రం. 1,600 ఎకరాలకు పైగా ఉంటుంది. దగ్గర్లోనే తొరపల్లి. 1878 డిసెంబరు 10న రాజాజీ పుట్టిన ఊరు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి పుట్టింది తెలుగు మాటల మధ్యే అన్నది అక్కడ నిలబడితే గుర్తొస్తుంది. ప్రభుత్వం ఆ ఇంటిని స్మారకంగా కాపాడుతోంది.

తళి, దెంకణికోట వైపు వెళితే చల్లదనం, గులాబీ తోటలు, పాలీహౌస్‌లు. ప్రేమికుల రోజుకు విదేశాలకు విమానమెక్కే గులాబీల్లో హోసూరువీ ఉంటాయి. దెంకణికోటలో బేటరాయస్వామి గుడి ఉంది. అక్కణ్నుంచి అంచెట్టి దారి, బెట్టముగిళాలం కొండదారి అడవిలోకి పోతాయి. 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర అభయారణ్యం ఇటే. బన్నేరుఘట్ట నుంచి వచ్చే ఏనుగుల మందలు రాగి కోతల కాలంలో పొలాల మీద పడతాయి, వేసవిలో నీటి గుంటల చుట్టూ తిరుగుతాయి. కాబట్టి ఈ దారుల్లో రాత్రి బండి నడపడం, అడవి అంచున మకాం పెట్టడం రెండూ కూడవు. పెద్ద బండి హోసూరులోనే వదిలి, పొద్దున జీపులో పోయి సాయంత్రానికి తిరిగి రావడం మేలు.

తర్వాతి మజిలీ రాయకోట. పాలక్కోడు వైపు దిగే దారిని కాపలా కాసిన కొండకోట. మైసూరు యుద్ధంలో 1791లో కంపెనీ సేన దీన్ని పట్టుకున్నాకే సేనాని కార్న్‌వాలిస్‌కు శ్రీరంగపట్నం వైపు తిండిగింజలు నడిచే బాట సుగమమైంది. ఆ గింజలు మోసినవాళ్లలో లంబాడీల ఎద్దుల బిడారులు ముఖ్యం. పిల్లాజెల్లా, వంటసామగ్రి, బతుకంతా ఎడ్ల మీదే. కోట ఎక్కడానికి ఉదయం 6 గంటలు మంచి సమయం. దిగొచ్చేసరికి కింద టమాటా మార్కెట్టు మంచి ఊపులో ఉంటుంది. పెట్టెలు దించేవాళ్లు తమిళంలో అరుస్తుంటే, వేలంపాట పాడేవాడు తెలుగులో బేరం తెంచుతుంటే, బెంగళూరు వ్యాపారి కన్నడంలో ఫోన్ చేస్తుంటాడు. ధర పడిపోయిన రోజు పెట్టె టమాటా ఎంతకు పోతుందో కళ్లారా చూస్తే మన ఊరి కూరగాయల బండి దగ్గర బేరమాడటానికి నోరు రాదు.

శూలగిరి దగ్గర మల్లచంద్రంలో గుట్ట మీద రాతిగూళ్లు చూడాలి. నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒక పలక మూతపెట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు. ఇక కృష్ణగిరి. సయ్యద్ బాషా కొండ మీది కోటను 1791లో కంపెనీ సేన గెలవలేకపోయింది. ఆ నిట్టనిలువు రాయి ఎక్కుతుంటే ఎందుకో అర్థమవుతుంది. ఊరికి కాస్త దూరంలో 1950లలో కట్టిన కృష్ణగిరి ఆనకట్ట, 52 అడుగుల నీటిమట్టం. కాలువల వెంట కొబ్బరి తోటలు, వరిచేలు. కింది అంతస్తులో రాత్రి గడపాల్సి వస్తే ఈ చుట్టుపక్కలే గడపాలి. కొబ్బరి తోటలో గాలి బాగుంటుంది గానీ బండి మాత్రం చెట్ల వరసకు దూరంగా ఉండాలి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

బర్గూరు వైపు మయిలాడుంపారై ఉంది. ఇక్కడి తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీస్తు పూర్వం 2172 నాటిదని 2022 మేలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. దేశంలో ఇనుము వాడకం చరిత్రనే వెనక్కి జరిపిన ప్రకటన అది. శుక్రవారమైతే కుందారపల్లి పశువుల సంత, ఆదివారమైతే పోచంపల్లి సంత. సంతలో రాగి అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని, చింతపండు కొనుక్కుని బండి దగ్గరికి వస్తే ఆ పూటకు వంట చేయాలనిపించదు.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడికి తోడు వెళ్లడానికి పశువుల కాపరి ఒక షరతు పెడతాడు. దారిలో కనిపించిన వింతకల్లా కథ చెప్పాలి. చెప్పడానికి మజిలీలో ఆగాలి. ప్రయాణం కథగా మారేది ఆగినప్పుడేనని మన పెద్దలకు తెలుసు.

బండి కదిలే ముందు

• చిన్న బండే మేలు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే కారు లైసెన్సుతో నడపొచ్చు. రాయకోట, దెంకణికోట వీధుల్లో పెద్ద బస్సంత కారవాన్ తిప్పడం నరకం.

• సొంత వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకోవాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి కావాలి. మెకానిక్ మాట నమ్మి పడకలు బిగిస్తే బీమా చెల్లదు.

• అద్దె బండికి టూరిస్టు పర్మిట్, తమిళనాడు పన్ను కాగితాలు అత్తిబెలె చేరకముందే సరిచూసుకోండి.

• వంద లీటర్ల ట్యాంకు నలుగురికి ఒక రోజుకే. స్నానం బోరుబావి దగ్గర, వంట మాత్రమే ట్యాంకు నీళ్లతో అనుకుంటే రెండో రోజుకూ వస్తాయి.

• నిద్రపోయేటప్పుడు గ్యాస్ కట్టేయాలి, ఇంజన్, జనరేటర్ ఆపేయాలి. కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనుక్కోండి.

• టాయ్‌లెట్ ట్యాంకును కాలువలోనూ చెరువులోనూ వదలొద్దు. పెట్రోలు బంకులో అడిగి వాళ్ల మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి.

• తోటలో ఆగేముందు యజమానిని అడగాలి. ఖాళీగా కనిపించే జాగాకు కూడా యజమాని ఉంటాడు.

మన చేతిలో ఉన్నదెంత?

కారవాన్ ప్రయాణం మన దగ్గర ఇంకా తప్పటడుగుల దశలోనే ఉంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం తెచ్చి, వాగమన్‌లో తొలి కారవాన్ పార్కు తెరిచింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ మాట ఎత్తుకున్నాయి. పేదవాడికీ అందేలా ఆలోచించినవాళ్లూ ఉన్నారు. నామక్కల్ జిల్లాకు చెందిన ఆర్కిటెక్టు అరుణ్ ప్రభు ఆటోరిక్షా మీద 36 చదరపు అడుగుల్లో పడక, వంటగది, స్నానాల గది ఇమిడ్చి లక్ష రూపాయల్లో ఇల్లు కట్టి చూపించారు. 2021లో ఆనంద్ మహీంద్రా ఆ ఫొటోలు పంచుకుని మెచ్చుకున్నాక దేశమంతా మాట్లాడుకుంది.

బండ్లు తయారవుతున్న వేగంతో ఆగే చోట్లు తయారు కావడం లేదు. కృష్ణగిరి ఆనకట్ట దగ్గరో, అవతానపట్టి చెరువు పక్కనో నాలుగు చెట్ల కింద పది బండ్లు నిలిచే చదునైన జాగా, ఒక కుళాయి, ఒక ప్లగ్ పాయింటు, ట్యాంకు ఖాళీ చేసుకునే ఒక తొట్టి, రాత్రి ఒక కాపలా మనిషి చాలు. మామిడి రైతుల సంఘాలు తోటల్లోనే ఇలాంటి జాగాలు పెట్టుకుంటే కాయకు ధర లేని ఏడాది పక్క ఆదాయమూ వస్తుంది. ఆడవాళ్లు మాత్రమే వెళ్లే ప్రయాణాలకు ఇప్పుడు ఇటు రమ్మని ధైర్యంగా చెప్పలేకపోవడానికి కారణం ఈ లోటే.

అది జరిగేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈ వేసవికి ప్రయాణ పట్టిక రాసుకోండి. చూడాలనుకున్న ఊళ్లన్నీ అందులో పెట్టండి. తర్వాత పెన్ను తీసుకుని సగం పేర్లు కొట్టేయండి. మిగిలినవాటి పక్కన రెండేసి రాత్రులు రాయండి. బండి అద్దెలో తేడా రాదు, డీజిల్ ఖర్చు మాత్రం తగ్గుతుంది. కొట్టేసిన ఊళ్లకు వచ్చే ఏడు వెళ్లొచ్చు. ఉంచుకున్న ఊళ్లకు మాత్రం ఈసారి నిజంగా వెళ్లినట్టవుతుంది.